సీసాలో మిగిలిన రెండు గాట్లు

పోయిన వారం మనం సాయన్నను మట్టిలో పెట్టి వచ్చాం. మన్ననూరు దాటి ఆరు మైళ్ళు అడవి లోపలికి పోతే వచ్చే బొగ్గుబట్టీల క్యాంపులో, వాగు గట్టున, ఆ వానాకాలంలో అది పద్నాలుగో గుంత. మల్దకల్ పక్క పల్లె నుంచి భార్య జోగులమ్మను, కూతురు జమ్ములమ్మను వెంటబెట్టుకుని రెండేళ్ళ కిందట వచ్చిన మనిషి, చలిజ్వరంతో పదకొండు రోజులు వణికి, పన్నెండో రోజు ఊరుకున్నాడు. కంపౌండర్ నిజాముద్దీన్ ఇచ్చిన సీసాలో మందు అయిపోకముందే ప్రాణం అయిపోయింది. గుంత దగ్గర కంపౌండర్ ఎందుకు తల ఎత్తలేదో, పిడికెడు మట్టి వేయమంటే చెయ్యి ఎందుకు తెరవలేకపోయాడో పోయిన వారం మీకు చెప్పలేదు. నాకు మనసు రాలేదు. ఈ వారం ఇక తప్పదు.

ఇది పంతొమ్మిది వందల నలభై మూడు సంగతి. యుద్ధం నాలుగేళ్ళుగా నడుస్తోంది. నల్లమలలో మాత్రం ఎవరూ తుపాకీ మోత వినలేదు. ఇక్కడికి యుద్ధం వేరే దారిన వచ్చింది. పెట్రోలు వచ్చే తోవలు మూసుకుపోయాక బస్సులకూ లారీలకూ వెనకవైపు ఇనప పొయ్యి ఒకటి బిగించి, బొగ్గు కాల్చి, దాని గ్యాసుతో నడపడం మొదలుపెట్టారు. నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి, వనపర్తి నుంచి గద్వాలకు బండి కదలాలంటే అడవిలో కొయ్య కాలాలి. ఆ కొయ్య కాల్చే కాంట్రాక్టు వనపర్తి దేవరాజుది. కాల్చేవాళ్ళు యాభై గుడిసెల జనం. వాళ్ళకు జ్వరం వస్తే చూడడానికి కాంట్రాక్టరు పెట్టిన దవాఖాన ఒకటి ఉంది. దవాఖాన అంటే గడ్డి కప్పిన కొట్టం, ఒక బల్ల, ఒక అలమర, గద్వాల నుంచి వచ్చిన నిజాముద్దీన్.

ఆ దవాఖానలో రెండు పద్ధతులుండేవి. మొదటిది పొద్దున హాజరు. గొడ్డళ్ళు పంచేముందు కంపౌండర్ బకెట్టు పెట్టుకుని నిలబడతాడు. వరసగా వచ్చి ఒక్కో గరిటె చేదు నీళ్ళు తాగాలి, మేస్త్రీ కృష్ణయ్యకు నోరు తెరిచి చూపాలి. తాగనివాడికి గొడ్డలి లేదు, గొడ్డలి లేనివాడికి ఆనాటి కూలి లేదు. రెండోది సీసా. జ్వరం తగిలినవాళ్ళు ఇంట్లో ఉన్న ఏ పాత సీసానో తెస్తే, నిజాముద్దీన్ అందులో మందు పోసి, కాగితం పట్టీ మడిచి అంచున గాట్లు కత్తిరించి, గంజితో సీసాకు అంటించేవాడు. ఒక గాటు ఒక పూట. చదువు రాని వాళ్ళకు ఆ గాట్లే లెక్క. సీసా అందుకున్నాక ప్రతివాళ్ళూ అక్కడే వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసేవాళ్ళు. చేదుగా ఉంటే తల ఊపి తీసుకుపోయేవాళ్ళు. కొంచెం చప్పగా తోచిందా, ఉత్త నీళ్ళిచ్చినవా సాబ్ అని సీసా బల్ల మీద పెట్టేవాళ్ళు. క్వినైన్ ఎరిగినవాళ్ళకు చేదే నమ్మకం. ఆ నమ్మకమే వాళ్ళ కొంప ముంచిందని ఇప్పుడు మనకు తెలుస్తుంది.

సాయన్న పోయిన నాలుగో రోజు మధ్యాహ్నం. వాన తెరిపి ఇచ్చింది. నిజాముద్దీన్ బల్ల దగ్గర కూర్చుని ఖాళీ సీసాలు కడుగుతున్నాడు. వెనక గోనెపట్టా అడ్డం కట్టిన అవతల అతని కాపురం. అక్కడ మంచం మీద భార్య కుల్సుమ్‌బీ పడుకుని ఉంది. ఆమెకూ అదే జ్వరం, రోజు విడిచి రోజు వస్తుంది. ఆ రోజు విడుపు. రేపు ఆమె వంతు.

జోగులమ్మ గుమ్మంలో వచ్చి నిలబడింది. చేతిలో సాయన్న సీసా ఉంది. పైన అంటిన మసి శుభ్రంగా తుడిచింది గానీ, కాగితం పట్టీ తడవకుండా జాగ్రత్త పడింది.

"సాబ్, జమ్ములుకు ఒళ్ళు కాలుతున్నది. నిన్న పొద్దుమూకంగ చలి వెట్టింది. పళ్ళు టకటక కొట్టుకున్నది," అంది.

నిజాముద్దీన్ చేతిలోని సీసా పక్కన పెట్టాడు. "తీస్కరాకపోయినవ్."

"నిదురవొయ్యింది. లేపబుద్ధి గాలె." ఆమె సీసాను బల్ల మీద పెట్టి అతని వైపు తిప్పింది. "గిందుల ఇంక రెండు గాట్లున్నయ్ సాబ్. పారబోయబుద్ధి గాలె. కాకపోతె గీ గాట్లు పెద్దమనిషికి కత్తిరిచ్చినయ్ గద, ఎనిమిదేండ్ల పిల్లకు ఎంత వొయ్యాలెనో నాకు తెల్వదు. జర చిన్న గాట్లతోని కొత్త పట్టీ కత్తిరిచ్చి అంటియ్యి."

అడిగింది అంతే. మందు అడగలేదు. కత్తెర పని అడిగింది. నిజాముద్దీన్ సొరుగు లాగి కాగితం తీశాడు. పాతికేళ్ళ అలవాటు కనుక వేళ్ళు వాటంతటవే కాగితాన్ని నిలువుగా మడిచాయి, అడ్డంగా మడిచాయి. కత్తెర తెరిచి అంచు మీద పెట్టాడు.

"ఆయన అడిగి అడిగి తాగెటోడు," అంది జోగులమ్మ, అతను కత్తిరిస్తున్నాడనుకుని. "ఆఖరి రెండు దినాలు నోరు తెరవకపాయె. చెంచాతోని పోస్తె పక్కకు తోసిండు. ఇప్పుడనిపిస్తున్నది సాబ్, బిడ్డకోసరమే మిగిల్చిపోయిండేమోనని."

కత్తెర కదలలేదు. ఆ పూట నిజాముద్దీన్ నాలుగు గాట్లు కత్తిరించి గంజి పూసి ఇచ్చేస్తే మన కథ వేరేలా నడిచేది. వాగు గట్టున ఇంకో చిన్న గుంత పడేది, కంపౌండర్ మీద ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు. ఆరు నెలలుగా అతను చేస్తున్నది అదే. అంతకుముందు పోసిన సీసాలన్నీ చూసుకోకుండా పోశాడు. ఈ సీసాను మాత్రం సొంతదారు తిరిగి పంపినట్టు తోచింది.

"అది పొయ్యకు జోగులమ్మా," అన్నాడు.

"ఏం, పాతదయ్యిందా?"

"కాదు."

"సచ్చినోని మందని పట్టింపా? నాకు గట్లాంటివేం లేవు సాబ్. ఆయనేమన్న పరాయోడా."

"గది మందు కాదు."

ఆమెకు అర్థం కాలేదు. బిరడా తీసి, వేలు ముంచి, నాలికకు రాసుకుని చూసింది. ముఖం చిట్లించి, "చేదుగనే ఉన్నది గద," అంది.

"చేదు నేను వెట్టిన. వాగు పొంటి నేలవేము మొలుస్తది సూడు, ఆ ఆకును ఉడకవెట్టి, వడగట్టి పోసిన. అది గూడ జ్వరానికి తాగెటిదే. కాని గీ జ్వరం దానికి ఆగదు. ఆగదని నాకు ఎర్కనే." అతని చూపు కాగితం మీదే ఉంది. "పొద్దున బకెట్ల పోసేది గూడ గదే. కునైన్ ఒక్క చుక్క లేదు. ఉగాది ముందట్నుంచి లేదు."

గోనెపట్టా అవతల మంచం కిర్రుమంది. జోగులమ్మ సీసాకు బిరడా పెట్టింది. గట్టిగా నొక్కి పెట్టింది. ఆమె ఏడ్చి ఉంటే, తిట్టి ఉంటే నిజాముద్దీన్‌కు కొంత తేలికయ్యేది. ఆమె పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది.

"ఎందుకు లేదు?"

"సముద్రం అవతల జావా అని ఒక దేశమున్నది. ఒక చెట్టుంటది, దాని బెరడుతోని చేస్తరు కునైన్. లోకం మొత్తానికి ఎక్కువ ఆడికెళ్ళే రావాలె. నిరుడు జపానోళ్ళొచ్చి దాన్ని పట్టుకున్నరు. ఇంక ఓడలు వస్తలేవు. ఈడ ఉన్న కొంచెం మిలటరీకి తీస్కపోతున్నరు. సిపాయిలు జ్వరంతోని పండుకుంటె కొట్లాడేదెవరు అంటరు."

"మేము పండుకుంటెనో?"

ఆమె జవాబు కోసం అడిగినట్టు లేదు. తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడింది.

"మా చేన్ల పల్లికాయ మంచిగ కాసింది ఆ యేడు. సాయన్న బండి కట్టుకోని గద్వాల పోతె, సేటు కొననన్నడు. ఓడలు బంద్ అయినయ్, నీ పల్లికాయ ఎవ్వలకు అమ్మాలె అన్నడంట. అయినకాడికి ఇచ్చేసి ఇంటికొచ్చిండు. ఆ యేడే మేము ఈడికి వచ్చినం. బొగ్గు కాల్చాలె, పెట్రోలు ఓడ రాలేదన్నరు. ఇప్పుడు నువ్వు గూడ ఓడనే చెప్తున్నవ్." ఆమె అరచేత్తో మోకాలు రుద్దుకుంది. "నేను సముద్రమే సూడలె సాబ్. గా ఓడ ఎట్లుంటదో సూడలె."

నాకు ఇక్కడ ఒక మాట చెప్పాలని ఉంది, చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. పెద్దవాళ్ళు ఎక్కడో బల్ల మీద పటం పరిచి, ఏ సరుకు ఎవరికి పోవాలో, ఏది ఎవరికి ఆపాలో గీతలు గీస్తారు. దేశ రక్షణ అంటారు దాన్ని. అవసరమే కావచ్చు, కాదనడానికి నేనెవరిని. కానీ పల్లికాయ ధర పడిపోయినప్పుడూ, లారీకి బొగ్గు కావలసి వచ్చినప్పుడూ, క్వినైన్ గోళీ రానప్పుడూ ఆ గీత మూడుసార్లూ ఒకే మనిషి మీదుగా పోయింది. ఆ మనిషి పేరు పటంలో లేదు. నాకు కోపమొచ్చేది అందుకే.

జోగులమ్మ మళ్ళీ మాట్లాడింది. ఈసారి గొంతు సన్నబడింది.

"ఓడ సంగతి నాకెందుకు గాని సాబ్, నీ సంగతి చెప్పు. ఆయన మంచం పట్టిన దినమే నీకెర్కనా, కునైన్ లేదని?"

"ఎర్కనే."

"మొదటినాడే ఆయన పోదమన్నడు. మన్ననూరు దాంక నడుస్త, ఆడికెళ్ళి ఎట్లన్న మనూరికి పోదం, ఆడ గింత జ్వరం లేదు అన్నడు. నేనే ఆపిన. ఈడ దవాఖాన ఉన్నది, కంపౌండర్ సాబ్ సీస ఇచ్చిండు, చేదు మందు, తగ్గుతది అన్న." ఆమె కళ్ళు అతని ముఖం మీద నిలిచాయి. "మందు ఉన్నదనే ఉన్నం సాబ్. లేదని చెప్తె పోతుంటిమి."

నిజాముద్దీన్ కత్తెర బల్ల మీద పెట్టాడు. "నాక్కూడ చెప్పాలెననే ఉండె. దేవరాజు వద్దన్నడు. లేదని తెలిస్తె బట్టీల కాడ ఒక్కడు నిలవడు, బొగ్గు ఆగుతది, లారీలు ఆగుతయ్, యుద్ధం పనికి అడ్డం పడినవని నిన్ను జైల్ల ఏస్తరు అన్నడు. భయపడ్డ."

ఇది నిజం. అయితే నిజమంతా కాదు. మీకు దాపరికం లేకుండా చెబుతాను. ఉగాదికి ముందు దేవరాజు ఆ బెదిరింపుతోపాటు ఒక చిన్న రేకు డబ్బీ కూడా అతని చేతిలో పెట్టాడు. అందులో నలభై క్వినైన్ గోళీలున్నాయి. ఇవి నీ ఇంట్లోకి, మీ ఆమెకు పానం బాగుండదు గద, అన్నాడు మెత్తగా. నిజాముద్దీన్ తీసుకున్నాడు. భయం కంటే ఆ డబ్బీయే అతని నోరు గట్టిగా మూసింది. ఈ ఒక్క ముక్క ఆ మధ్యాహ్నం అతను జోగులమ్మకు చెప్పలేదు.

గోనెపట్టా తొలగించుకుని కుల్సుమ్‌బీ బయటికి వచ్చింది. మంచం పట్టిన నాటి నుంచి ఆమె సగమైంది. ముక్కుపుడక మాత్రం పెద్దదిగా కనబడుతోంది. వచ్చి భర్త ముందు నిలబడింది.

"మరి నేను మింగినయ్ ఏంది?" అంది.

అతను కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

"చెప్పు. నాకు అప్పుడప్పుడు ఇస్తున్నవ్ గద, అవి ఏం గోళీలు?"

"అవి అసలైనవే," అన్నాడు చివరికి.

కుల్సుమ్‌బీ బల్ల అంచు పట్టుకుంది. సాయన్న జ్వరంతో పడున్న పదకొండు రోజులూ, తన విడుపు రోజుల్లో ఆమె ఆ గుడిసెకు పోయి కూర్చుంది. గంజి కాచి ఇచ్చింది, అరికాళ్ళకు బూడిద రాసింది. "ఆయన కాడ కూసోని, ఇంకొక గాటు తాగు అన్నా, తగ్గుతది అని నేనే చెప్పిన," అంది. "నా కడుపుల గోళీ పెట్టుకోని ఆయనకు ఆకురసం తాగమన్న. నాతోని గూడ అబద్ధమాడిపిస్తివి గద."

వెనక్కి వెళ్ళి జొన్నల కుండలో చెయ్యి పెట్టి డబ్బీ తీసుకొచ్చింది. బల్ల మీద మూత తీసింది. తొమ్మిది గోళీలు మిగిలున్నాయి.

"జమ్ములుకు సరిపోతయా?"

"పొద్దుకొకటి, మాపుకొకటి ఇస్తె పిల్లకు సరిపోతయ్," అన్నాడు నిజాముద్దీన్. "రేపు నీ వంతు."

"నా వంతు నాకెర్క. నాకు యాభై నిండినయ్. దానికి ఎనిమిది." డబ్బీలోని గోళీలను జోగులమ్మ కొంగులో ఒంపి, తనే ముడి వేసింది. ముడి వేస్తూ తల ఎత్తకుండా అడిగింది, "గీ డబ్బీ యాడిది?"

"ఆఖరుకు అలమరల మిగిలినయ్," అన్నాడు. అంటూ గడ్డం సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను గడ్డం సవరించుకుంటూ చెప్పిన మాట ఏదీ నిలబడలేదని ఆమెకు తెలుసు. కానీ పరాయి మనిషి ముందు మొగుణ్ణి రెండోసారి నిలదీయడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ మొహమాటానికి ఎంత ఖరీదు పడుతుందో అప్పుడు ఆమెకు తెలియదు.

జోగులమ్మ లేచింది. కృతజ్ఞత చెప్పలేదు, చెప్పాలని వాళ్ళూ అనుకోలేదు. గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు హాజరుల చెప్పాలె సాబ్. బకెట్టు ముందల, అందరు వినంగ చెప్పాలె. ఇంక యాభై ఇండ్లున్నయ్. పోయెటోళ్ళు పోతరు, బతికెటోళ్ళు బతుకుతరు."

"రేపు దేవరాజు వస్తడు, లారీ వచ్చే రోజు."

"రానియ్యి."

"నన్ను పట్టిస్తడు జోగులమ్మా."

"నా బిడ్డకు గోళీ ఇచ్చినవని నేను ఊకుంట అనుకోకు. నువ్వు చెప్పకపోతె నేను చెప్త. నువ్వు చెప్తె మంచిగుంటది." సీసాను అతని ముందే వదిలేసింది. "గది నీ తాననే ఉండనియ్యి."

గుడిసెలో జమ్ములమ్మ మేలుకుని ఉంది. జోగులమ్మ బెల్లపు ముక్కలో గోళీ పెట్టి నోట్లో వేసింది. పిల్ల బెల్లం చప్పరించేసరికి గోళీ నాలికకు తగిలింది. "నాయిన మందేనా?" అని అడిగింది ముఖం ముడిచి. "కాదు బిడ్డా, ఇది వేరే," అంది తల్లి. పిల్ల నీళ్ళు తాగి మింగేసింది. జోగులమ్మ బయటికొచ్చి, గుడిసె గోడకు ఆనుకుని, నాలుగు రోజులుగా రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది. గోళీ చూశాక వచ్చింది ఏడుపు. అంత చిన్నది, గోరంత, అదే దొరికి ఉంటే మనిషి బతికేవాడు.

రాత్రి జమ్ములు రెండో గోళీ మింగింది. మర్నాడు పొద్దున మంచు విడవకముందే లారీ వచ్చింది. వెనక ఇనప పొయ్యి గుప్పుగుప్పున పొగ కక్కుతోంది. దేవరాజు దిగాడు. ఆయన్ని చూస్తే ఎవరికీ చెడ్డవాడనిపించదు. ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలుస్తాడు, పసిపిల్లల బుగ్గ తడతాడు, సాయన్న పోయాడని విని నిజంగానే నొచ్చుకున్నాడు. జోగులమ్మ దగ్గరికి వచ్చి, "ఏం ఫికర్ చెయ్యకు, నిన్ను నేను ఇడిసిపెడ్తనా," అన్నాడు. జోగులమ్మ తల వంచుకుంది. గొడ్డళ్ళ కుప్ప పక్కన మేస్త్రీ కృష్ణయ్య నిలబడ్డాడు. జనం వరసకట్టారు.

నిజాముద్దీన్ బకెట్టు తెచ్చి పెట్టాడు. వరసలో మొదట జోగులమ్మ ఉంది. ఆమె నోరు తెరవలేదు, చెయ్యి చాపలేదు. ఊరికే అతని వైపు చూసింది.

నిజాముద్దీన్ గరిటె ముంచలేదు. బకెట్టును రెండు చేతులా పట్టుకుని, మెల్లగా వంచాడు. ఆకుపచ్చ నీళ్ళు మట్టిలోకి జారాయి.

"గిది మందు కాదు," అన్నాడు. అందరికీ వినపడేట్టు అన్నాడు. "నేలవేము ఉడకవెట్టిన నీళ్ళు. ఆరు నెలల సంది మీకు గిదే తాగిపిస్తున్న. కునైన్ లేదు. ఎప్పుడొస్తదో తెల్వదు. పిల్లలున్నోళ్ళు ఈ అడవి ఇడిసి పోండి. సాయన్న పోయింది నా మూలానే. తప్పు నాది."

శాంతయ్య అనే ముసలాయన, క్యాంపులో అందరికంటే పాత బట్టీవాడు, వరసలోంచి బయటికొచ్చి ఆ తడి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆ వానాకాలంలోనే అతని ఇద్దరు కొడుకులు వాగు గట్టుకు పోయారు. మట్టిలో వేలు పెట్టి నాలికకు రాసుకున్నాడు.

"చేదుగనే ఉన్నది గద సాబ్," అన్నాడు. "మందు గాదంటవేంది."

ఇంకొకామె వచ్చి కొంగు తడిపి నోట్లో పిండుకుంది. పక్కామె కూడా వచ్చింది. పారబోస్తున్నాడు, మందు పారబోస్తున్నాడు, అంటూ ముగ్గురు నలుగురు బురదలో గుడ్డలు ముంచారు. నిజం చెబితే జనం తన మీద పడతారని నిజాముద్దీన్ అనుకున్నాడు. వాళ్ళు బురద మీద పడ్డారు. అతను ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

దేవరాజు అంతా చూశాడు. తొందరపడలేదు. లారీ మెట్టు మీదికెక్కి అందరికీ కనబడేట్టు నిలబడ్డాడు.

"కంపౌండర్ సాబ్ నిజమే చెప్తున్నడు," అన్నాడు నొచ్చుకున్నట్టు. "నాకు ఇప్పుడే తెలుస్తున్నది. మరి సాబ్, ఉగాదికి ముందట క్యాంపు కోసరం నేను తెచ్చి నీ చేతుల వెట్టిన డబ్బీ ఏమాయె? నలభై గోళీలు. ఎంత కష్టపడి సంపాదించిన. గా గోళీలు ఎవ్వలకు ఇచ్చినవ్?"

నిజాముద్దీన్ నోరు తెరిచాడు. క్యాంపు కోసం కాదు, నా ఇంటి కోసమని ఇచ్చావు అనాలి. అంటే, తీసుకున్నానని ఒప్పుకోవాలి. నిన్ననే ఒప్పుకుని ఉంటే ఈ పూట ఆ మాటకు ఒక సాక్షి ఉండేది. నిన్న అలమరలో మిగిలాయన్నాడు. ఆ అబద్ధం విన్న మనిషి ఎదురుగానే నిలబడి ఉంది.

అతను ఏమీ అనకుండా నిలబడడమే జనానికి జవాబైంది.

"వాళ్ళామె ఒక్కతె బతికింది," అన్నారెవరో వెనకనుంచి. "ఆరు నెలల సంది జ్వరం, ఇంక బతికే ఉన్నది."

తలలన్నీ ఒకేసారి దవాఖాన వైపు తిరిగాయి. గుమ్మంలో కుల్సుమ్‌బీ కంబళి కప్పుకుని నిలబడి ఉంది. ఆమె వంతు రోజు. చలి అప్పుడే మొదలైంది, పళ్ళ చప్పుడు ఇంత దూరం వినబడుతోంది. ఆ రోజు గోళీ మింగలేదు. అది ఆమెకూ, ఆమె మొగుడికీ, జోగులమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

శాంతయ్య లేచాడు. చేతిమట్టి దులుపుకోలేదు. నడుచుకుంటూ గొడ్డళ్ళ కుప్ప దగ్గరికి పోయి, మేస్త్రీ ఇవ్వకుండానే ఒకటి తీసుకున్నాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు తీసుకున్నారు. కృష్ణయ్య అడ్డం చెప్పలేదు. దేవరాజు లారీ మెట్టు మీద నుంచి దిగలేదు.

జోగులమ్మ దవాఖానకు పోయే దారికి అడ్డంగా ఉంది. ఆ గోళీలు కుల్సుమ్‌బీ కడుపులో లేవని, నా కొంగులో ఉన్నాయని ఆమె ఒక్క మాట అంటే గొడ్డళ్ళు ఆగుతాయి. ఆగి, ఆ కొంగు వైపు తిరుగుతాయి. యాభై ఇళ్ళల్లోనూ వణుకుతున్న పిల్లలున్నారు.

శాంతయ్య ఆమె ఎదుట ఆగి, "పక్కకు జరుగు బిడ్డా," అన్నాడు.

జోగులమ్మ జరగలేదు. చెయ్యి నడుము దగ్గరి ముడి మీదికి పోయింది. అందులో ఏడు గోళీలున్నాయి.